దవడకు వేసిన ప్లేట్లు ఏడాది నిండగానే తీయాల్సిందేనా?

క్లుప్తంగా: యాక్సిడెంట్‌లో దవడో చెంప ఎముకో విరిగితే వేసే చిన్న టైటానియం ప్లేట్లను, అవి ఏ ఇబ్బందీ పెట్టకపోతే, పెద్దవాళ్లలో మామూలుగా తీయాల్సిన పని లేదు. చీము పట్టినా, స్క్రూ వదులైనా, ప్లేటు చిగురులోంచి పైకి తేలినా, పేషెంటు ఇంకా ఎదిగే వయసు పిల్లాడైనా లెక్క మారుతుంది. "ఏడాది నిండింది కాబట్టి తీయాలి" అన్న మాట కాలికి వేసిన రాడ్ల నుంచి, పాతకాలపు పెద్ద ప్లేట్ల నుంచి ముఖానికి పాకిన అలవాటు.

హైదరాబాద్ నుంచి జనగామ, కాజీపేట, హన్మకొండ మీదుగా ములుగు వైపు పోయే 163వ నంబర్ జాతీయ రహదారి మీద, దానికి అటూ ఇటూ ఉన్న ఊరి రోడ్ల మీద బైకు ప్రమాదాలు ఎలా జరుగుతాయో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కోతల సీజన్‌లో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఆ వడ్లు కదలకుండా పెట్టిన రాళ్లు, వెనక లైటు లేకుండా ఆపిన ట్రాక్టర్ ట్రాలీ, అడ్డమొచ్చిన బర్రె. బండి జారినప్పుడు ముందు నేలకు తగిలేది చాలాసార్లు గడ్డమే. సగం హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు పుర్రె దక్కుతుంది కానీ దవడ దక్కదు, ఎందుకంటే ఆ హెల్మెట్ చెవుల దగ్గరే ఆగిపోతుంది.

అలా విరిగిన దవడకు వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఆపరేషన్ చేసి ప్లేట్లు వేస్తారు. రెండు నెలల్లో మనిషి మామూలుగా తినడం మొదలుపెడతాడు, పనికి పోతాడు. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. పెళ్లిలోనో బోనాల దగ్గరో ఎవరో ఒక పెద్దాయన అడుగుతాడు: "ఏం బిడ్డా, ఇంకా ప్లేట్లు తీయించుకోలేదా? మావోనికి ఏడాదికే తీసిండ్రు." ఆ రోజు నుంచి అద్దంలో చూసుకోవడం, వేలితో దవడ నొక్కి చూసుకోవడం, లోపల ఇనుము తుప్పు పడుతుందేమోనని భయం. డాక్టర్ దగ్గరికి పోతే ఒకరు "ఏం అవసరం లేదు, వదిలేయండి" అంటారు, ఇంకొకరు "వీలు చూసుకుని తీయించుకోండి" అంటారు. ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరి మాటా వేరు. ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే సగం భయం పోతుంది.

మూడు పనులకు ఒకటే మాట

గందరగోళంలో మొదటి భాగం మాటల దగ్గరే ఉంది. "తీయించుకున్నవా?" అన్న ఒక్క ప్రశ్నలో మూడు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి.

ఒకటి, పళ్లకు కట్టిన తీగలు తీయడం. దవడ విరిగినప్పుడు పై పళ్లు, కింది పళ్లు సరిగ్గా కలిసేలా పళ్ల వరసకు ఒక కమ్మీ పెట్టి సన్నని స్టీలు తీగలతో కడతారు. దాన్ని ఆర్చ్ బార్ అంటారు. కొందరికి పై దవడనూ కింది దవడనూ కలిపి కట్టేస్తారు, నోరు తెరవకుండా స్ట్రాతో జావ, పాలు తాగాల్సి వస్తుంది. ఇవి నాలుగు నుంచి ఆరు వారాలకు తప్పకుండా తీయాల్సినవే. ఓపీలో కూర్చోబెట్టి తీసేస్తారు, పెద్ద మత్తు అక్కర్లేదు. ఉంచితే చిగుళ్లు పాడవుతాయి.

రెండోది, ఎముక మీద వేసిన ప్లేట్లు తీయడం. ఇవి చిగురు కింద, కండ కింద ఉంటాయి, బయటికి కనపడవు. వీటి గురించే ఈ వ్యాసం.

మూడోది కాలికో చేతికో వేసిన రాడ్ తీయడం. ఊళ్లో "బొక్కల డాక్టర్" దగ్గర రాడ్ వేయించుకున్నవాళ్లు ఎక్కువ, ముఖానికి ప్లేట్లు వేయించుకున్నవాళ్లు తక్కువ. అందుకే రాడ్ అనుభవమే అందరికీ సలహా అయిపోయింది.

కాలి లెక్క ముఖానికి ఎందుకు సరిపోదు

తొడ ఎముకలో వేసే రాడ్ ఎముక గుజ్జు ఉండే సొరంగంలో నిలువునా దిగుతుంది, మనిషి బరువంతా దాని మీదుగా పోతుంది. తొడకో పిక్కకో వేసే ప్లేట్ల స్క్రూలు నాలుగైదు మిల్లీమీటర్ల లావు ఉంటాయి. ముఖంలో వాడే ప్లేటు మందం సుమారు 1 మి.మీ., స్క్రూ లావు దవడకైతే 2 మి.మీ., కంటి చుట్టూ అయితే 1.5 లేదా అంతకన్నా సన్నం. పొడవు కూడా చాలావరకు 6 నుంచి 8 మి.మీ.లే. అరచేతిలో పెట్టుకుంటే పిల్లల బొమ్మలోంచి ఊడిన ముక్కలా ఉంటుంది.

లోహం బలం ఇక్కడ ఎందుకు ముఖ్యమంటే, గట్టి ప్లేటు బరువంతా తనే మోస్తే కింద ఉన్న ఎముకకు పని లేకుండా పోతుంది, పని లేని ఎముక పలచబడుతుంది. మంచాన పడ్డ మనిషి కాళ్లు సన్నబడ్డట్టే. పెద్ద ప్లేట్ల విషయంలో ఇది నిజమైన సమస్య. ముఖంలోని చిన్న ప్లేట్లు అంత బరువు మోయవు కాబట్టి ఈ భయానికి ఇక్కడ పెద్దగా ఆధారం లేదు. పైగా ముఖానికి రక్తం బాగా అందుతుంది, అందుకే దవడ ఎముక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటుంది. లోపల ఎముక పూర్తిగా సర్దుకోవడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది.

ఇంకో సంగతి, పెద్దవాళ్లలో కాలి రాడ్లను కూడా అందరికీ తీయాలన్న నియమం ఏమీ లేదు, అక్కడా ఇబ్బందిని బట్టే చూస్తారు. అంటే ఆ సలహా పుట్టిన చోటే అది గట్టి నియమం కాదు.

ప్లేటు ఎక్కడ వేస్తారు, ఎందుకు అక్కడే వేస్తారు

చెరుకు గడను మోకాలి మీద పెట్టి విరిచి చూడండి. మోకాలికి ఆనిన వైపు గడ నొక్కుకుంటుంది, బయటి వైపు పీచు విచ్చుకుంటుంది. దవడ కూడా అంతే. వెనక దవడ కండరాలు పైకి లాగుతుంటాయి, ముందు పళ్లతో కొరికినప్పుడు ముందు భాగం కిందికి వంగాలని చూస్తుంది. ఎముక విరిగి ఉంటే పై అంచున, అంటే పళ్ల వైపు, సందు తెరుచుకుంటుంది, కింది అంచున మూసుకుంటుంది. కాబట్టి తెరుచుకునే చోట ఒక చిన్న ప్లేటు పట్టి ఉంచితే చాలు, మిగతాది కొరుకుడే నొక్కి పెడుతుంది. గడ్డం భాగంలో మాత్రం ఎముక మెలి తిరగాలని కూడా చూస్తుంది, అందుకే అక్కడ ఒకదాని కింద ఒకటి రెండు ప్లేట్లు వేస్తారు. ఎక్స్‌రేలో రెండు ప్లేట్లు చూసి "నాకు ఎక్కువ దెబ్బ తగిలిందా" అని కంగారుపడేవాళ్లకు జవాబు ఇదే.

ఈ ఆలోచన మరీ పాతది కాదు. అంతకు ముందు రెండే దారులు ఉండేవి: ఆరు వారాలు నోరు కట్టేయడం, లేదా బయట మెడ వైపు నుంచి కోసి దవడ కింది అంచుకు బరువైన ప్లేటు బిగించడం. 1973లో మిషలే అనే ఫ్రెంచ్ సర్జన్ నోటి లోపలి నుంచే చిన్న ప్లేట్లు వేసిన ఫలితాలు ప్రకటించాడు. ఆ తర్వాత అదే దశకంలో స్ట్రాస్‌బర్గ్‌లో షాంపీ, ఆయన బృందం దవడ మీద ఏ గీత వెంట ప్లేటు వేస్తే సరిపోతుందో లెక్కగట్టి చూపించారు. ఇప్పుడు వరంగల్ ఎంజీఎం లాంటి సర్కారు పెద్దాసుపత్రిలోనైనా ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోనైనా వేసేది చాలావరకు ఆ గీతల వెంటే.

"తీయాలి" అన్న అలవాటు కూడా అక్కడి నుంచే వచ్చింది. మొదట్లో ప్లేట్లు ఎక్కువగా స్టీలువి, అంతకు ముందువి మరీ లావుపాటివి. 1991లో ఆ స్ట్రాస్‌బర్గ్ పరిశోధన బృందమే ఒక అభిప్రాయం చెప్పింది. దాని సారం ఏమిటంటే, ఎముక అతికాక ప్లేటుకు పని లేదు, అది హాని చేస్తుందని స్పష్టమైన రుజువూ లేదు, పూర్తిగా నిరపాయమని గట్టిగా చెప్పడానికీ లేదు, కాబట్టి పేషెంటుకు అదనపు ప్రమాదం లేకపోతే తీయడం మంచిది. ఈ మాటలో మొదటి సగం పట్టుకున్నవాళ్లు తీయించుకోమన్నారు, "అదనపు ప్రమాదం లేకపోతే" అన్న ముక్క పట్టుకున్నవాళ్లు వదిలేయమన్నారు. జర్మన్ మాట్లాడే దేశాల్లో రొటీన్‌గా తీసే పద్ధతి చాలాకాలం ఎక్కువగా నడిచింది, బ్రిటన్‌లో ఇబ్బంది ఉంటేనే తీసే పద్ధతి నడిచింది. ఇక్కడ ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం వెనక ఉన్నది చాలావరకు ఈ తేడాయే తప్ప ఎవరికో తెలియకపోవడం కాదు. టైటానియం వచ్చాక పోగైన అనుభవం మాత్రం "ఇబ్బంది ఉంటేనే" అన్న వైపే మొగ్గుతోంది.

స్టీలా, టైటానియమా

"లోపల ఇనుము తుప్పు పట్టదా?" అన్న ప్రశ్నకు జవాబు ఏ లోహం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆపరేషన్లకు వాడే స్టీలు వంటింటి గిన్నెల స్టీలు కాదు. దాన్ని 316ఎల్ అంటారు. ఇనుములో క్రోమియం, నికెల్, కొంచెం మాలిబ్డినం కలుపుతారు. నికెల్ 10 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. చవక చెవి కమ్మలు పెట్టుకుంటే, వాచీ బెల్టు కట్టుకుంటే చర్మం దురద పెట్టి ఎర్రబడేవాళ్లకు చాలామందికి ఆ ఎలర్జీ నికెల్ వల్లే. అలాంటివాళ్లు ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. స్టీలు శరీరంలోని ఉప్పునీటిలో ఏళ్ల తరబడి నానితే స్క్రూ తల, ప్లేటు రాసుకునే చోట కొద్దికొద్దిగా అరుగుతుంది కూడా. అందుకే స్టీలు ప్లేటైతే తీయడం వైపు డాక్టర్లు కొంచెం ఎక్కువ మొగ్గు చూపుతారు. ధర తక్కువ కాబట్టి మన దగ్గర స్టీలు ప్లేట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి.

టైటానియం సంగతి వేరు. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, గీత పడినా మళ్లీ అదే పూడుకుంటుంది, ఆ పొరే దానికి రక్ష. స్టీలులో దాదాపు సగం బరువే ఉంటుంది, వంగే గుణంలో ఎముకకు స్టీలు కన్నా దగ్గరగా ఉంటుంది. 1950ల్లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టాన్ని తర్వాత ఊడదీయలేకపోయాడు, ఎముక దాన్ని అంతగా పట్టేసుకుంది. ఇవాళ పంటి ఇంప్లాంట్లు పుట్టింది ఆ గమనిక నుంచే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో మొదలైన మిశ్రధాతు నిగమ్, అదే మిధాని, రాకెట్లకు, విమానాలకు చేసే టైటానియంతో పాటు శరీరంలో పెట్టే ఇంప్లాంట్ల టైటానియం కూడా తయారు చేస్తుంది. మనకు పరాయి లోహం ఏమీ కాదు.

అయితే టైటానియం అంటే అసలేమీ కాదని చెప్పడం కూడా సరికాదు. ప్లేటు తీసినప్పుడు చుట్టూ ఉన్న కణజాలం కొన్నిసార్లు నల్లగా కనపడుతుంది, సన్నని లోహ రేణువులు అక్కడ, దగ్గరి లింఫ్ గ్రంథుల్లో దొరికినట్టు పరిశోధనల్లో ఉంది. వాటివల్ల జబ్బు వచ్చినట్టు రుజువు లేదు. టైటానియానికి ఎలర్జీ ఉండొచ్చు కానీ అది చాలా అరుదు.

ఎప్పుడు తీయక తప్పదు

ముఖానికి ప్లేట్లు వేయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి అవి జీవితాంతం ఉండిపోతాయి. తీయాల్సి వచ్చినవాళ్లు ఎందరన్నది ఒక్కో చోటి లెక్కలో ఒక్కోలా ఉంటుంది. కానీ రెండు విషయాల్లో దాదాపు అన్ని లెక్కలూ కలుస్తాయి. తీయాల్సి వచ్చేది ఎక్కువగా కింది దవడ ప్లేట్లే, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. దీన్ని తిప్పి చదివితే చాలా ఊరట ఉంది: ఏడాది దాటి ఏ ఇబ్బందీ లేని ప్లేటు ఆ తర్వాత తగువు పెట్టుకోవడం తక్కువ. "ఏడాది నిండింది, తీయించు" అనే మాట సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో నడుస్తోంది.

కింది దవడే ఎందుకు? కదిలేది అదే, ఉమ్మి చేరి నిలిచేది అక్కడే, నోటి లోపలి కోత మీదుగా ప్లేటు వేస్తారు కాబట్టి నోటిలోని క్రిములకు దారి దగ్గర. దవడ మూలన, జ్ఞానదంతం ఉండే చోట, చిగురు పలచగా ఉంటుంది, ప్లేటు దాని కిందే ఉంటుంది. విరిగిన గీతలోనే ఒక పుచ్చిపోయిన పన్ను ఉంటే ఇక చెప్పేదేముంది.

అన్నిటికన్నా పెద్ద కారణం చీము. ఇది ఎలా పని చేస్తుందో తెలియక చాలామంది నెలల తరబడి గోళీలు మింగుతూ ఉంటారు. నీళ్ల తొట్టి గోడకు పాచి పట్టినట్టు క్రిములు లోహం మీద జిగట పొరగా పరుచుకుంటాయి. తొట్టిలో నీళ్లు మార్చినా పాచి పోదు, గీకితేనే పోతుంది. అలాగే యాంటీబయాటిక్ రక్తంలో తిరుగుతుంది కానీ లోహానికి రక్తం ఉండదు, ఆ జిగట పొర లోపలికి మందు సరిగ్గా చేరదు. గోళీలు వాడిన వారం వాపు తగ్గుతుంది, ఆపిన వారం మళ్లీ వస్తుంది. చిగురులో చిన్న రంధ్రం పడి ఉప్పగా, చేదుగా ఏదో ఊరుతుంటుంది, లేదా గడ్డం కింద చర్మానికి మొటిమలాంటిది వచ్చి పగిలి మానకుండా ఉంటుంది. మూడోసారి కూడా అదే జరిగిందంటే మందు మార్చడం కాదు, ప్లేటు సంగతి చూడాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చీము ఆపరేషన్ అయిన రెండు మూడు వారాల్లోనే వస్తే ఎముక ఇంకా అతికి ఉండదు. అప్పుడు ప్లేటు గట్టిగా పట్టి ఉంటే, చీము తీసేసి, శుభ్రం చేసి, ఎముక అతికేదాకా ప్లేటును అలాగే ఉంచి ఆ తర్వాత తీస్తారు. ప్లేటు కదులుతుంటే మాత్రం అది పట్టి ఉంచడం పోయి రాపిడి పెడుతుంది, దాన్ని తీసి ఇంకా గట్టి ప్లేటు వేయాల్సి వస్తుంది. "చీము ఉన్నా ప్లేటు తీయలేదు" అని డాక్టర్‌ను అనుమానించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

స్క్రూ వదులవడం ఇంకో కారణం. డ్రిల్లింగ్ చేసేటప్పుడు ఎముక వేడెక్కితే రంధ్రం చుట్టూ ఉన్న ఎముక చచ్చిపోతుంది, అక్కడ స్క్రూ నిలవదు. అందుకే డ్రిల్ మీద సెలైన్ పోస్తూ ఉంటారు. కానీ ఎంత జాగ్రత్తగా వేసినా మూడో వారంలోనే మటన్ బొక్క కొరికితే స్క్రూ వదులవుతుంది. గుట్కా, ఖైనీ దవడ పక్కన పెట్టుకునేవాళ్లకు, సిగరెట్ తాగేవాళ్లకు, షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్లకు గాయం ఆలస్యంగా మానుతుంది, ప్లేటు పైకి తేలే ప్రమాదం ఎక్కువ. మరోవైపు "పప్పు తింటే చీము పడుతుంది" అని పప్పు, గుడ్డు మాన్పించి నెల రోజులు వట్టి జావ పోసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గాయం మానడానికి కావాల్సిన ప్రొటీన్ ఉండేదే వాటిలో. మెత్తగా చేసి పెడితే చాలు.

చెంప, కన్ను చుట్టూ వేసిన ప్లేట్లకు చీము తక్కువ. అక్కడ ఫిర్యాదులు వేరే రకం. కంటి కింద చర్మం పలచన కాబట్టి ప్లేటు చేతికి గరుగ్గా తగులుతుంది. డిసెంబర్‌లో పొద్దున్నే బండి మీద పోతుంటే ఆ చోట జివ్వుమంటుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి ఒక్క అంకెకు పడే రోజుల్లో ఇంకా ఎక్కువ. లోహం ఎముక కన్నా తొందరగా చల్లబడుతుంది, చర్మం పలచగా ఉన్న చోట అది తెలుస్తుంది. ఇది ప్రమాదం కాదు, కానీ భరించలేనంతగా ఉంటే తీయడానికి అది కూడా సరైన కారణమే. పెద్ద వయసువాళ్లలో కట్టుడు పళ్ల సెట్టు సరిగ్గా ప్లేటు మీద ఆనితే తీయక తప్పదు.

ఇవన్నీ లేకుండా, కేవలం "లోపల ఏదో ఉంది" అన్న ఆలోచన నిద్ర పట్టనివ్వని వాళ్లు కూడా ఉంటారు. వాళ్లను కొట్టిపారేయకూడదు. రిస్క్ అంతా వివరించాక కూడా తీయమంటే, తీయడం తేలికైన చోటైతే, తీసే డాక్టర్లు ఉన్నారు.

పిల్లల విషయంలో

పిల్లల ముఖం ఎదుగుతూ ఉంటుంది. ఎముక బయటి వైపు కొత్త పొర వేసుకుంటూ, లోపలి వైపు అరుగుతూ పెరుగుతుంది. అందుకే పైన వేసిన ప్లేటు కొన్నేళ్లకు లోపలికి పూడుకుపోవచ్చు, ముఖ్యంగా నుదురు, పుర్రె భాగంలో. ఎదుగుదలకు ప్లేటు అడ్డు పడుతుందన్న అనుమానమూ ఉంది. దవడలో పాలపళ్ల కింద పక్కా పళ్ల మొగ్గలు ఉంటాయి, స్క్రూ వాటికి తగలకూడదు. పిల్లల ఎముక మూడు నాలుగు వారాల్లోనే గట్టిపడుతుంది కాబట్టి చాలామంది సర్జన్లు రెండు మూడు నెలలకు ప్లేటు తీసేయడం వైపే ఉంటారు. వీలైతే అసలు ప్లేటే వేయకుండా పళ్లకు అచ్చుతో చేసిన తొడుగు కట్టి నయం చేస్తారు. "పిల్లాడే కదా, పెద్దయ్యాక చూద్దాం" అన్న మాట ఈ ఒక్క విషయంలో పనికిరాదు, ఆలస్యమైన కొద్దీ తీయడం కష్టమవుతుంది.

తీయడం అంటే ఏం జరుగుతుంది

వేసేటప్పటి కన్నా తీసేటప్పుడు తేలిక అనుకుంటారు, అన్నిసార్లూ కాదు. గడ్డం ముందు భాగంలో చిగురు వెనక ఉన్న ప్లేటైతే పంటి ఇంజెక్షన్‌తోనే అరగంట, ముప్పావు గంటలో తీయొచ్చు. దవడ మూలన, చెంప మీద, కంటి చుట్టూ అయితే పూర్తి మత్తు కావాలి, ముక్కులోంచి గొట్టం వేసి శ్వాస ఇస్తారు, మళ్లీ రక్త పరీక్షలు, ఈసీజీ, ఒకటి రెండు రోజుల మంచం.

పాత గాయం మానిన చోట మాంసం గట్టి మచ్చలా అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీస్తూ పోవాలి. కింది దవడలో నడిచే నరం చిన్న దవడ పళ్ల దగ్గర ఒక రంధ్రంలోంచి బయటికి వచ్చి పెదవికి, గడ్డానికి స్పర్శ ఇస్తుంది. ప్లేటు సరిగ్గా అక్కడే ఉంటే నరం లాగుడు పడి పెదవి మొద్దుబారుతుంది, కొందరికి వారాలు, కొందరికి నెలలు, ఎప్పుడో ఒకరికి శాశ్వతంగా. బయటి నుంచి, మెడ పక్కన కోసి వేసిన ప్లేటైతే పెదవి మూలను కిందికి లాగే నరం దారిలో ఉంటుంది, అది దెబ్బతింటే నవ్వినప్పుడు మూతి వంకర పోతుంది. ముందు ఆపరేషన్‌లో తప్పించుకున్న నరాన్ని రెండో ఆపరేషన్‌లో మళ్లీ పందెం పెట్టడమే ఇది. ఏ ఇబ్బందీ లేని ప్లేటుకు ఈ పందెం అనవసరం అన్నది "వదిలేయండి" అనే డాక్టర్ల వాదనలో అసలు బలం.

పాతబడిన కొద్దీ టైటానియం మీదికి ఎముక ఎక్కుతుంది. దాన్ని చెక్కితే గానీ స్క్రూ తల కనపడదు. స్క్రూ తల గాడి అరిగిపోయి ఉంటే స్క్రూడ్రైవర్ తిరగదు. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం గాడి ఉంటుంది కాబట్టి ఆ కంపెనీ స్క్రూడ్రైవర్ లేకపోతే అక్కడికక్కడ ఆగిపోవాల్సి వస్తుంది. కొన్నిసార్లు విరిగిన స్క్రూ ముక్కను ఎముకలోనే వదిలేస్తారు, దాని కోసం ఇంకా ఎముక తవ్వడం కన్నా అది మేలు.

తీశాక స్క్రూ రంధ్రాలు కొన్ని నెలల్లో పూడుకుంటాయి. రెండు మూడు వారాలు మెత్తని తిండి, ఉప్పునీళ్ల పుక్కిలింత, కబడ్డీ లాంటి ఆటలకు కొంతకాలం దూరం. కుట్లు చాలావరకు వాటంతట అవే కరిగిపోతాయి.

ఎమ్మారై, ఎయిర్‌పోర్ట్, గల్ఫ్ మెడికల్

టైటానియాన్ని అయస్కాంతం లాగదు. ముఖంలో టైటానియం ప్లేట్లు ఉన్నా ఎమ్మారై తీయించుకోవచ్చు, కాకపోతే ప్లేటు చుట్టూ ఉన్న భాగం ఫిల్ములో మసకగా వస్తుంది. ముందుగా టెక్నీషియన్‌కు చెప్పాలి. 316ఎల్ స్టీలు కూడా చాలావరకు ఇబ్బంది పెట్టదు, అయినా ఏ లోహమో తెలియకపోతే డాక్టర్ కాగితం చూశాకే స్కాన్ చేస్తారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయే కుర్రాళ్ల భయం ఇంకోటి. ఎయిర్‌పోర్టులో మోగుతుందేమో, మెడికల్‌లో పోతుందేమో అని. ఇంత చిన్న టైటానియం ప్లేట్లకు గేటు మోగడం అరుదు. మెడికల్‌లో ముఖ్యంగా చూసేది ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు. కేవలం దీనికోసం బాగున్న ప్లేటు తీయించుకుని పోవడం అర్థం లేని పని. ఆర్మీ, పోలీసు ఉద్యోగాలకు పోయేవాళ్లు మాత్రం ఆ నోటిఫికేషన్‌లో మెడికల్ నిబంధన ఏముందో ముందే చదువుకోవాలి.

నోటి క్యాన్సర్ వచ్చి రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే లోహం అంచున కిరణాలు కొంత వెనక్కి తిరిగి పక్క కణజాలానికి మోతాదు పెరుగుతుంది. చికిత్స ప్లాన్ చేసే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ప్లేటు సంగతి దాచకుండా చెప్పడమే పేషెంటు చేయాల్సింది.

కరిగే ప్లేట్ల మాటేమిటి

లోపలే కరిగిపోయే ప్లేట్లు ఉన్నాయి. పాలీల్యాక్టిక్ యాసిడ్ లాంటి పదార్థంతో చేస్తారు, అది ఒంట్లోని నీటికి ముక్కలై చివరికి నీళ్లు, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. ఏడాది నుంచి కొన్నేళ్లు పడుతుంది. వినడానికి సమస్యంతా తీరిపోయినట్టే ఉంటుంది కానీ, లోహమంత బలం ఉండదు కాబట్టి మందంగా చేయాలి, కొరుకుడు బలం ఎక్కువగా పడే దవడ మూలకు అంత నమ్మకం చాలదు, కరిగేటప్పుడు కొందరికి ఆ చోట వాపు వస్తుంది, ఖరీదూ ఎక్కువ. పిల్లల పుర్రె, నుదురు ఆపరేషన్లలో వీటికి మంచి చోటుంది.

డబ్బు, కేసు, కాగితం

దవడ, ముఖం ఎముకల ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద చేస్తారు. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ప్లేటు తీసే ఆపరేషన్‌కు వర్తిస్తుందా అన్నది తీసే కారణాన్ని, ప్యాకేజీని బట్టి చూడాల్సిన విషయం. అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవడం మంచిది.

యాక్సిడెంట్ కేసు కోర్టులో నడుస్తున్నవాళ్లకు ఇంకో ముడి ఉంది. మోటారు ప్రమాదాల పరిహారంలో ముందు ముందు అయ్యే వైద్య ఖర్చు కూడా ఒక పద్దు అని సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. అందుకే చాలా కేసుల్లో "ప్లేట్లు తీయడానికి ఇంత ఖర్చవుతుంది" అని డాక్టర్ ఎస్టిమేట్ జత చేస్తారు. ఆ కాగితం ఇంట్లో ఉన్నందుకే "తీయాలని డాక్టరే రాసిచ్చిండు" అనుకునేవాళ్లు ఉన్నారు. అది తీయాల్సి వస్తే ఎంత అవుతుందన్న లెక్కే, తీయమన్న ఆదేశం కాదు.

వీటన్నిటికన్నా తేలికైన పని ఒకటి చాలామంది చేయడం లేదు. డిశ్చార్జ్ రోజు ఇచ్చే కాగితంలో ఏ ఎముకకు, ఎన్ని ప్లేట్లు, ఎన్ని స్క్రూలు, స్టీలా టైటానియమా, ఏ కంపెనీ, ఎంత సైజు అన్నవి రాయించుకోవాలి. ప్లేటు డబ్బా మీద స్టిక్కర్ ఉంటే దాన్ని అడిగి ఆ కాగితానికి అంటించుకోవాలి. ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రేను, దవడంతా ఒకే ఫిల్ములో కనపడే ఓపీజీ ఉంటే దాన్నీ, ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి పెట్టుకోవాలి, బీరువాలో పెట్టిన ఫిల్ము ఎండాకాలం వేడికి అతుక్కుపోతుంది. అయిదేళ్ల తర్వాత దవడ వాచి ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు, ఆయన మొదట అడిగేది నొప్పి ఎప్పటి నుంచి అని, రెండోది పాత కాగితాలు ఉన్నాయా అని. ఏ స్క్రూడ్రైవర్ తెప్పించాలో ఆయనకు తెలిసేది ఆ స్టిక్కర్‌తోనే.